ఎంబీఏ మొదటి క్లాసులో బోధకుడు తనను తాను పరిచయం చేసుకోవడం ఎలా

కొత్త బ్యాచ్ ముందు నిలబడ్డ బోధకులు చాలామంది తమ రెజ్యూమే చదువుతారు: చదువు, ఉద్యోగాలు, అచ్చయిన పేపర్లు, అందుకున్న అవార్డులు. ఎదురుగా కూర్చున్నవాళ్ల మనసులో ఉండే ప్రశ్నలు వేరు. ఈ సబ్జెక్టు ఈ మనిషి దగ్గర ఎందుకు నేర్చుకోవాలి? మార్కులు ఎలా వేస్తారు? అర్థం కాకపోతే వెళ్లి అడగొచ్చా? పరిచయంలో మీరు చెప్పే ప్రతి వాక్యం ఈ మూడింటిలో ఏదో ఒకదానికి జవాబు కావాలి. కాకపోతే, అది ఎంత గొప్ప విషయమైనా కొట్టేయండి.

ముందు కాగితం మీద

ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు మీ చదువు, ఉద్యోగాలు, పరిశోధన, కన్సల్టింగ్ పనులు అన్నీ రాయండి. కుడివైపు, ఆ అనుభవం ఈ కోర్సులో ఎన్నో క్లాసుకు పనికొస్తుందో రాయండి. 'మూడేళ్లు గోడౌన్ల నిర్వహణ' అన్నదాని ఎదురుగా 'క్లాసు 4, నిల్వలు' అని పడితే ఆ వాక్యం ఉంటుంది. కుడివైపు ఖాళీగా మిగిలినవన్నీ పోతాయి. ఇరవై అంశాలతో మొదలుపెడితే అయిదారు మిగలడం మామూలే, నోటితో చెప్పడానికి అవి చాలు.

ఆ అయిదారింటినీ సిలబస్ మొదటి పేజీ కోసం 100-120 మాటల పేరాగా రాయండి. 'నేను' అనే రాయండి. 'వీరు విశేష అనుభవం కలవారు' అన్న ధోరణి కరపత్రానికి సరిపోతుంది గానీ, రేపు ఎదురుగా నిలబడి పాఠం చెప్పే మనిషికి నప్పదు. సంవత్సరాలు తప్పకుండా వేయండి. 'చాలా ఏళ్ల అనుభవం' అంటే అది నిన్నటిదో పాతికేళ్ల కిందటిదో తెలియదు. డిజిటల్ ప్రకటనల గురించి చెప్పేవారి విషయంలో ఆ తేడా చాలా పెద్దది. మీ పాత్ర ఎంతవరకో కూడా ఉన్నదున్నట్టు రాయండి. 'ధర నిర్ణయించాను' వేరు, 'ధర నిర్ణయించిన బృందంలో లెక్కలు చూశాను' వేరు. మీరు మాట్లాడుతుండగానే వెనక వరసలో ఎవరో ఫోన్‌లో మీ ప్రొఫైల్ తెరుస్తారు. అక్కడి తేదీలకూ మీరు చెప్పినవాటికీ పొంతన లేకపోతే, ఆ తర్వాత చెప్పే సరైన సంగతుల మీద కూడా అనుమానమే మిగులుతుంది.

పరిశ్రమ నుంచి వచ్చినవారు, పరిశోధన నుంచి వచ్చినవారు

ఇద్దరూ చేసే తప్పు ఒకటే: తమ దగ్గర లేనిదానికి క్షమాపణ చెప్పుకోవడం. పరిశ్రమవారు 'నాకు పీహెచ్‌డీ లేదు గానీ' అని, పరిశోధకులు 'నేనెప్పుడూ కంపెనీ నడపలేదు గానీ' అని మొదలుపెడతారు. దాని అవసరం లేదు. బిజినెస్ స్కూళ్లకు గుర్తింపునిచ్చే ఏఏసీఎస్‌బీ ప్రమాణాల్లోనే స్కాలర్లీ అకడమిక్, ప్రాక్టీస్ అకడమిక్, స్కాలర్లీ ప్రాక్టీషనర్, ఇన్‌స్ట్రక్షనల్ ప్రాక్టీషనర్ అని (మొదటి రెండూ పరిశోధన దారివారికి, చివరి రెండూ పరిశ్రమ దారివారికి) రెండు దారులవారికీ చోటుంది. పరిశ్రమవారు తాము తీసుకున్న నిర్ణయాల్లో ఒకదాన్ని, అప్పుడు చేతిలో ఉన్న సమాచారంతో సహా క్లాసు ముందు పెట్టగలరు. పరిశోధకులు ఒక కంపెనీలో జరిగింది మిగతా కంపెనీల్లో జరుగుతుందో లేదో, ఎందుకో చెప్పగలరు. మీ దగ్గర ఏది ఉంటే అది రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు సాగండి. ఉద్యోగంలో ఉంటూ చదివే ఎగ్జిక్యూటివ్ బ్యాచ్‌లో మీకంటే ఎక్కువ అనుభవం ఉన్నవాళ్లు కూర్చుంటారు. 'మీరెప్పుడైనా వ్యాపారం చేశారా?' అని అడిగితే నేరుగా అవుననో కాదనో చెప్పి, ఈ కోర్సులో మీ వంతు ఏమిటో ఒక్క మాటలో కలపండి. సాగదీసేకొద్దీ అది సంజాయిషీలా వినిపిస్తుంది.

క్లాసులో: పేరు కంటే ముందు సమస్య

90 నిమిషాల క్లాసులో మీ గురించిన మాటలు 7-8 నిమిషాలు దాటకూడదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు నళినీ అంబాడీ, రాబర్ట్ రోసెంతాల్ 1993లో ప్రచురించిన అధ్యయనంలో, 30 సెకన్లు మించని మూగ వీడియో ముక్కలు చూసి ముక్కూమొహం తెలియనివాళ్లు బోధకుల గురించి వేసిన అంచనాలు, టర్మ్ చివర విద్యార్థులు ఇచ్చిన రేటింగులకు బాగా దగ్గరగా వచ్చాయి. మొదటి అర నిమిషం అంత విలువైనది. దాన్ని క్లాసుకు వీపు చూపించి ప్రొజెక్టర్‌తో కుస్తీ పట్టడానికి ఖర్చు చేయకండి. 15 నిమిషాల ముందే వెళ్లి అన్నీ సరిచూసుకోండి.

నేరుగా మీ పనిలోంచి తీసిన ఒక చిన్న సమస్యతో మొదలుపెట్టండి. ధరల మీద పనిచేసినవారైతే ఇలా అడగొచ్చు: 'వస్తువు ధర 100. ఒక్కోదాని మీద పడే ఖర్చు 60. డీలరు 10 శాతం తగ్గించమంటున్నాడు. మొత్తం లాభం ఇప్పటిలాగే ఉండాలంటే అమ్మే వస్తువుల సంఖ్య ఎంత పెరగాలి?' ఎక్కువమందికి మొదట తట్టేది 10 శాతమే. అయిదారుగురి జవాబులు బోర్డు మీద రాసి, అప్పుడు లెక్క చేయించండి. ఒక్కోదాని మీద మిగిలేది 40 నుంచి 30కి పడిపోయింది. 40ని 30తో భాగిస్తే 1.33. అంటే అమ్మే వస్తువుల సంఖ్య మూడో వంతు పెరగాలి. ఇప్పుడు చెప్పండి మీ పేరు, ఇలాంటి నిర్ణయాల మధ్య మీరెన్నేళ్లు పనిచేశారో. ఆ అనుభవానికి ఎందుకు విలువుందో విద్యార్థి ఈపాటికే చూశాడు. మిమ్మల్ని ఏమని పిలవాలో కూడా అప్పుడే చెప్పండి; చెప్పకపోతే కొందరు పిలవాల్సి వస్తుందనే జంకుతో ప్రశ్న అడగడమే మానేస్తారు.

నిజమైన కంపెనీ అంకెలు వాడుతుంటే గోప్యతా ఒప్పందం ఒకసారి తీసి చదవండి. అనుమతి లేకపోతే పేరు తీసేసి, డబ్బు అంకెలన్నిటినీ ఒకే సంఖ్యతో, ఉదాహరణకు 1.4తో, గుణించండి. లాభాల శాతాలు, నిష్పత్తులు చెక్కుచెదరవు. అయితే అమ్మిన వస్తువుల సంఖ్యను గుణించకూడదు. ధరనూ సంఖ్యనూ రెండింటినీ 1.4తో గుణిస్తే, వాటి నుంచి వచ్చే రాబడి 1.96 రెట్లవుతుంది. మీరు 1.4తో గుణించి ఇచ్చిన రాబడితో అది కలవదు, చురుకైన విద్యార్థి పట్టేస్తాడు. మీరు చర్చకు పెట్టబోయే కంపెనీల్లో దేనికైనా మీరు డబ్బు తీసుకుని సలహాదారుగా ఉంటే, ఆ మాట మొదటిరోజే చెప్పేయండి.

నియమాలు, ఆపైన వాళ్ల పరిచయం

మార్కుల సంగతి అంకెల్లో చెప్పండి: చర్చకు 30, రాతపనికి 30, చివరి పరీక్షకు 40, ఇలా. చెయ్యెత్తనివాళ్లను కూడా పిలిచి అడిగే కోల్డ్ కాల్ పద్ధతి మీదైతే, అది ఎన్నో క్లాసు నుంచి మొదలవుతుందో, సిద్ధపడి రాకపోతే ఏమవుతుందో ముందే చెప్పాలి. లేకపోతే మొదటి పిలుపు అవమానంలా తగులుతుంది, ఆ విద్యార్థి టర్మంతా నోరు విప్పడు. మెయిల్‌కు ఎంతసేపట్లో జవాబిస్తారో చెప్పేటప్పుడు, నిజంగా నిలబెట్టుకోగల గడువే చెప్పండి.

చివరి పది నిమిషాల్లో చిన్న కార్డులు పంచండి. నాలుగు సంగతులు రాయమనండి: పేరు (దాన్ని ఎలా పలకాలో కూడా), ఇదివరకు చేసిన పని, ఈ కోర్సులో భయపెట్టే విషయం, స్వయంగా తీసుకున్న కష్టమైన నిర్ణయం ఒకటి. మూడోదే అన్నిటికంటే విలువైనది. సగంమంది 'లెక్కలు' అని రాస్తే మూడో క్లాసు వేగం తగ్గించాల్సిందే. ఏ4 కాగితాన్ని మూడు మడతలు పెట్టి పేరు పెద్ద అక్షరాలతో రాయించి, బల్ల మీద నిలబెట్టించండి. మొదటి నాలుగు వారాలు ఎవరి చోట్లో వాళ్లనే కూర్చోమనండి. 60 మంది సెక్షన్‌లో క్లాసుకు పది పేర్ల చొప్పున గుర్తుపెట్టుకుంటే ఆరు క్లాసుల్లో అందరూ వస్తారు.

రెండో క్లాసులో ఆ కార్డుల్లోంచి ఒకరి అనుభవాన్ని, ముందుగా వాళ్లను అడిగి, పాఠంలోకి తీసుకురండి. రాయించుకున్న కార్డులను ఒక్కసారి కూడా వాడకపోతే అవి మరో ఫారమ్ కిందే లెక్క. తర్వాత మీరు అడిగే ఏ సర్వేకూ నిజం రాయరు.