దున్‌హువాంగ్ గుహలో బొమ్మలను ఎలా చూడాలి?

చైనా బౌద్ధ గుహల చిత్రాలు మనకు ఎక్కువగా కనిపించేది ఫోన్‌లోనో పుస్తకంలోనో, ఒక్కో బొమ్మ విడిగా కత్తిరించి. రంగులు బాగానే తెలుస్తాయి, అసలు సంగతి మాత్రం సగం పోతుంది. ఆ చిత్రకారులు గది మొత్తాన్నీ మనసులో పెట్టుకుని వేశారు. కాబట్టి "ఇదేం బొమ్మ?" కన్నా ముందు "ఇదెక్కడుంది?" అని అడగాలి.

గాన్సు రాష్ట్రంలో దున్‌హువాంగ్ దగ్గరున్న మొగావ్ అనే బౌద్ధ గుహల సముదాయంలోని 285వ గుహతో మొదలుపెడదాం. ఉత్తర చైనాలో కొంత భాగాన్ని ఏలిన పశ్చిమ వెయ్ వంశం కాలం నాటిది. ఉత్తరపు గోడ మీద 538, 539 నాటి రాతలున్నాయి. 'డిజిటల్ దున్‌హువాంగ్' వెబ్‌సైట్‌లో ఇంట్లో కూర్చునే దీన్ని నాలుగు వైపులా తిప్పి చూడొచ్చు.

1. దిక్కులు గుర్తుపెట్టుకోండి. కాగితం మీద ఒక చతురస్రం గీసి, ద్వారం తూర్పున, బుద్ధుడు పడమటి గోడ గూట్లో అని రాసుకోండి. పైకప్పు డేరాలా నాలుగు వైపులా వాలుగా ఉంటుంది.

2. ఎదురు గోడ చూడండి. బుద్ధుడి దగ్గరే ఆగిపోవద్దు. గోడ పైభాగంలో ఒక చివర రథంలో సూర్యుడు, రెండో చివర చంద్రుడు ఉంటారు. ఒకపక్క మహేశ్వరుడు, ఆయన కింద కుమారస్వామి, వినాయకుడు. ఆరో శతాబ్దంలో, ఎడారి అంచున మన వినాయకుడు! ఇక్కడ కాసేపు ఆగినా తప్పులేదు.

3. ఇప్పుడు వెనక్కి తిరిగి తలెత్తండి. చాలామంది చేయనిది ఇదే. ద్వారం వైపున్న పైకప్పు వాలు మీద మధ్యలో వేసిన మణికి రెండు పక్కలా ఫుషీ, న్యువా ఉంటారు. చైనా పురాణాల్లోని ఆది దేవతలు వీళ్లు. చేతుల్లో వడ్రంగి వాడే కొలత సామాన్లు, ఛాతీ మీద సూర్యచంద్ర బింబాలు. అంటే ఒకే గదిలో సూర్యచంద్రులు రెండుసార్లు వచ్చారు: ఎదురుగా భారతీయ రూపంలో, వెనక నెత్తి మీద చైనా రూపంలో.

4. సమాధితో పోల్చండి. ఫుషీ, న్యువాలు అంతకు ముందు చైనాలో ఎక్కువగా కనిపించింది సమాధుల్లో. తలుపు మూసేశాక సమాధి బొమ్మలు చూసే మనిషి ఉండడు. అవి చనిపోయినవారి కోసం కట్టిన లోకం. ఉత్తర చైనాలోని తైయువాన్‌లో 571లో ఖననం చేసిన సేనాని షు షియాన్‌షియు సమాధి చూడండి. ఉత్తరపు గోడ మీద భార్యాభర్తలు తెర కింద కూర్చుని మనవైపే చూస్తుంటారు. పడమటి గోడ మీద జీను వేసిన గుర్రం, తూర్పు గోడ మీద ఎద్దుబండి ప్రయాణానికి సిద్ధంగా ఉంటాయి. గోడలన్నీ ఆ ఇద్దరి చుట్టూ తిరుగుతాయి. అదే ప్రశ్న 285కి వేయండి: ఈ గదికి మధ్యలో ఉన్నదెవరు?

5. జవాబు గోడల కింది భాగంలో ఉంది. ఉత్తర, దక్షిణ గోడల్లో నాలుగేసి చిన్న గదులు తొలిచారు, ఒక్కోటి ఒక మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చునేంత. ఇక పైకప్పు అంచు చూడండి: కొండల మధ్య గుడిసెల్లో 30 మందికి పైగా ధ్యానం చేస్తుంటారు, చుట్టూ జంతువులు. నా మటుకు నాకు, ఆ ఆకాశమంతా ఈ చిన్న గదుల్లో కూర్చునేవాళ్ల కోసమే వేశారనిపిస్తుంది.

6. చివరగా దక్షిణపు గోడ మీద కథ. ఐదువందల మంది దొంగల బౌద్ధ కథ ఇది; బొమ్మలో అంతమందికీ బదులుగా ఐదుగురినే వేశారు. ముందు రాజు సైన్యంతో యుద్ధం. సైనికుల గుర్రాలకు కూడా కవచాలుంటాయి. తర్వాత పట్టుబడటం, కళ్లు పీకేయడం, అడవిలో ఏడుపులు, బుద్ధుడు చూపు తెప్పించడం. సీన్‌కీ సీన్‌కీ మధ్య గీతలుండవు; కొండలూ చెట్లే విడదీస్తాయి. అదే మనుషులు మళ్లీ ఎక్కడ కనిపించారో చూస్తూ వెళ్లండి. ఆఖర్న వాళ్లు సన్యాసులై కొండల్లో ధ్యానానికి కూర్చుంటారు. సరిగ్గా ఆ కథ కిందే ధ్యానం గదుల ద్వారాలున్నాయి.

నేరుగా వెళ్లేవాళ్లకు ఒక మాట: 285వ గుహకు మామూలు టికెట్ చాలదు, విడిగా కొనాలి. లోపల ఫొటోలు తీయనివ్వరు. కాబట్టి మీరు గీసుకున్న ఆ కాగితం జేబులో ఉంచుకోండి.