పాండెమిక్ ఎప్పుడూ ఓడిపోతున్నారా? ముందు కట్ట లెక్క చూసుకోండి

పాండెమిక్ అనే బోర్డ్ గేమ్ పెట్టె కొత్తగా తెచ్చుకున్నవాళ్లు మొదట్లో వరసగా ఓడిపోవడం మామూలే. బోర్డు మీద జబ్బుల్ని చూపే రంగురంగుల క్యూబులు పోగవుతుంటే కంగారుపడి వాటి వెంట పరిగెడతారు. ఎంత తీసినా ఇంకా వస్తూనే ఉంటాయి. ఈ ఆటలో గెలవడానికి ఉన్నది ఒకటే దారి: నీలం, పసుపు, నలుపు, ఎరుపు జబ్బులు నాలుగింటికీ మందు కనిపెట్టడం. నాలుగో మందు పడిన క్షణాన బోర్డు నిండా క్యూబులున్నా గెలిచినట్టే. మందుకి కావలసింది ఒకే రంగు కార్డులు ఐదు. అంటే సగం ఆట రమ్మీ అన్నమాట, కాకపోతే ఇక్కడ ముక్కలు పక్కవాడికి ఇవ్వడం కూడా ఆటలో భాగమే.

మ్యాట్ లీకాక్ రూపొందించిన ఈ ఆట 2008లో వచ్చింది. ఇద్దరి నుంచి నలుగురి దాకా ఆడొచ్చు, ముప్పావు గంట పడుతుంది. ఆడేవాళ్లంతా ఒక పక్షం, బోర్డు రెండో పక్షం. కింద చెప్పేదంతా 7 రోల్స్ (ఆడేవాళ్లకిచ్చే ప్రత్యేక పాత్రలు) ఉన్న 2013 ఎడిషన్ ప్రకారం.

బోర్డు పరచడం

మొత్తం 48 నగరాలు, రంగుకి 12. క్యూబులు రంగుకి 24. అట్లాంటాలో ఒక రీసెర్చ్ స్టేషన్ పెట్టి అందరి పావులూ అక్కడే ఉంచండి. ఇన్‌ఫెక్షన్ కార్డులు (జబ్బు ఏ నగరానికి వస్తుందో చెప్పేవి) 48 బాగా కలిపి పైనుంచి తొమ్మిది తీయండి: మొదటి మూడు నగరాల్లో మూడేసి క్యూబులు, తర్వాతి మూడింటిలో రెండేసి, ఆఖరి మూడింటిలో ఒక్కొక్కటి. మొత్తం 18 క్యూబులు పడాలి. తీసిన తొమ్మిది కార్డులూ పక్కన ముఖం పైకి పెట్టండి. ఆ కుప్పతో తర్వాత పని పడుతుంది.

ప్లేయర్ కార్డుల కట్ట దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. ముందు ఎపిడెమిక్ కార్డులు (వస్తే జబ్బు ఒక్కసారిగా ముదిరేవి) ఏరి పక్కన పెట్టాలి. మిగిలిన 48 నగరం కార్డులు, 5 ఈవెంట్ కార్డులు (ఆడేవాళ్లకి సాయపడేవి) కలిపి పంచాలి: ఇద్దరైతే నాలుగేసి, ముగ్గురైతే మూడేసి, నలుగురైతే రెండేసి. మిగిలిన కార్డుల్ని, ఎన్ని ఎపిడెమిక్‌లతో ఆడదలిస్తే అన్ని కుప్పలుగా, వీలైనంత సమానంగా చేయండి. కుప్పకో ఎపిడెమిక్ వేసి, ఏ కుప్పకి ఆ కుప్ప విడిగా కలిపి, ఒకదానిపై ఒకటి పేర్చండి. కుప్పల్లో తేడా ఉంటే పెద్దవి పైకి రావాలి. పేర్చాక మళ్లీ కలపకూడదు. అలవాటుకొద్దీ కట్టని చేతిలోకి తీసుకుని కలిపేశారా, మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే. చేతిలో ఉన్న నగరాల్లో జనాభా ఎక్కువున్న కార్డు ఎవరిదైతే వాళ్లు ముందు ఆడతారు.

మొదటి ఆటకి 4 ఎపిడెమిక్‌లు, అలవాటయ్యాక 5, బాగా చేయి తిరిగాక 6.

ఒక వంతులో ఏం జరుగుతుంది

నాలుగు యాక్షన్లు, రెండు ప్లేయర్ కార్డులు తీయడం, ఆ తర్వాత ఇన్‌ఫెక్షన్ కార్డులు తీసి ఆయా నగరాల్లో ఒక్కో క్యూబు పెట్టడం. ఇదే వరస.

గీత వెంట పక్క నగరానికి వెళ్లడం ఒక యాక్షన్. ఏదైనా నగరం కార్డు పారేస్తే నేరుగా ఆ నగరానికి ఎగరొచ్చు. మీరున్న నగరం కార్డు పారేస్తే ఎక్కడికైనా ఎగరొచ్చు. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి వెళ్లడానికి కార్డు అక్కర్లేదు. మీరున్న నగరం కార్డు ఖర్చుపెట్టి స్టేషన్ కట్టడం, ఒక క్యూబు తీయడం (మందున్న రంగైతే ఆ ఊళ్లోవన్నీ ఒకే యాక్షన్‌లో పోతాయి), కార్డు ఇచ్చిపుచ్చుకోవడం, స్టేషన్‌లో నిలబడి ఐదు కార్డులు పారేసి మందు కనిపెట్టడం మిగతా యాక్షన్లు. చేతిలో ఏడు కార్డులకి మించి ఉండకూడదు.

ఇచ్చిపుచ్చుకోవడంలో మెలిక ఉంది. ఇద్దరూ ఒకే నగరంలో ఉండాలి, చేతులు మారే కార్డు కూడా ఆ నగరానిదే కావాలి. ఢిల్లీ కార్డు ఇవ్వాలంటే ఇద్దరూ ఢిల్లీలోనే కలవాలి. మొదటిసారి ఆడేవాళ్లు ఈ నియమం మర్చిపోయి తోచిన కార్డు ఇచ్చేసుకుంటారు, “ఆట సులువుగానే ఉందే” అనుకుంటారు. రీసెర్చర్ రోల్ ఉన్నవాళ్లు మాత్రం ఎదుటివాళ్లతో ఒకే ఊళ్లో ఉంటే చాలు, ఏ నగరం కార్డైనా ఇవ్వొచ్చు. ఈ ఒక్క మినహాయింపు వల్లే ఆ రోల్‌కి అంత విలువ.

కట్ట లెక్క

5 ఎపిడెమిక్‌లతో నలుగురు ఆడుతున్నారనుకోండి. 53 కార్డుల్లో 8 పంచితే 45 మిగులుతాయి. ఐదు కుప్పలు, తొమ్మిదేసి. ఎపిడెమిక్ చేరితే పదేసి. మొత్తం 50 కార్డులు, వంతుకి రెండు చొప్పున 25 వంతులు, అంటే 100 యాక్షన్లు. దాదాపు ఆ వందలోనే తిరుగుళ్లూ, క్యూబులూ, నాలుగు మందులూ సర్దుకోవాలి. ఈ అంకె తెలిశాక “ఊరికే ఒక అడుగు ముందుకేస్తాలే” అనడం దానంతటదే తగ్గుతుంది.

కుప్పకి పది కార్డులంటే సరిగ్గా ఐదు వంతులు. కాబట్టి మొదటి ఐదు వంతుల్లో ఒక్క ఎపిడెమిక్కే వస్తుంది, ఆరు నుంచి పది దాకా ఇంకొకటి. రెండో వంతులోనే వచ్చేసిందంటే ఐదో వంతు అయ్యేదాకా నిశ్చింత. ఐదో వంతుకి గానీ రాలేదంటే, ఆరో వంతులో మళ్లీ రావొచ్చు. ఇంకో సంగతి: 5 ఎపిడెమిక్‌ల ఆటలో ఒకే వంతులో రెండు ఎపిడెమిక్‌లు రావడం జరగదు. వచ్చాయంటే పేర్చడంలో ఎక్కడో పొరపాటు చేశారు. 6 ఎపిడెమిక్‌లతో అయితే కుప్పలు బేసిగా పడతాయి కాబట్టి రావొచ్చు.

ఎపిడెమిక్ వస్తే మూడు పనులు. రేటు గుర్తు ఒక గడి జరపాలి (గడుల్లో అంకెలు 2, 2, 2, 3, 3, 4, 4, వంతుకి అన్ని ఇన్‌ఫెక్షన్ కార్డులు తీయాలన్నమాట). ఇన్‌ఫెక్షన్ కట్ట అడుగు కార్డు తీసి ఆ నగరంలో మూడు క్యూబులు పెట్టాలి. చివరగా, పారేసిన కుప్పని మాత్రమే కలిపి కట్ట పైన పెట్టాలి. మొత్తం కట్టని కలిపితే ఆటలో పదునంతా పోతుంది. జబ్బు ఒకసారి వచ్చిన ఊళ్లకే మళ్లీ మళ్లీ రావడమే ఈ ఆట కిటుకు.

దీన్ని లెక్కగా చూద్దాం. మొదటి ఎపిడెమిక్ మూడో వంతులో వచ్చింది. అప్పటికి పారేసిన కుప్పలో మొదట తీసిన 9, రెండు వంతుల్లో తీసిన 4, ఇప్పుడు అడుగునుంచి తీసిన 1: మొత్తం 14. ఈ 14 కట్ట పైకి చేరాయి, వీటిలోంచి వెంటనే రెండు తీయాలి. కొత్తగా మూడు క్యూబులు పడిన నగరమే మళ్లీ వచ్చే అవకాశం ఏడింట ఒకటి. ఫరవాలేదు. అడుగున ఉన్న 34 నగరాల జోలికి ఇప్పట్లో వెళ్లక్కర్లేదు. కానీ రెండో ఎపిడెమిక్ ఆరో వంతులోనే దిగితే? అప్పటికి పారేసినవి ఆరే, అడుగుది కలిపితే ఏడు. ఏడులోంచి రెండు. ప్రమాదం రెట్టింపైంది. పారేసిన కుప్పలు ఎవరైనా ఎప్పుడైనా చూసుకోవచ్చు, నియమం ఒప్పుకుంటుంది. ఎపిడెమిక్ పొంచి ఉన్న వంతులో యాక్షన్లు మొదలుపెట్టేముందు ఆ కుప్ప ఒకసారి తిరగేయండి. అందులో ఉండి, మూడు క్యూబులున్న నగరాలే ముందు చూసుకోవాల్సినవి.

రెసిలియంట్ పాప్యులేషన్ అనే ఈవెంట్ చేతిలో ఉంటే దాచుకోండి. పారేసిన ఇన్‌ఫెక్షన్ కార్డొకటి ఆటలోంచే తీసేస్తుంది. అడుగు కార్డుకి మూడు క్యూబులు పెట్టాక, కుప్ప కలిపేముందు వాడితే ఆ నగరం కార్డు ఇక తిరిగి రాదు.

ఒక్క క్యూబు విలువ

నగరంలో ఒకే రంగు క్యూబులు మూడుండగా నాలుగోది పెట్టాల్సి వస్తే అది ఔట్‌బ్రేక్. నాలుగోది పెట్టరు, పక్క నగరాలన్నిటికీ ఆ రంగుది ఒక్కోటి పంచుతారు. ఎనిమిదో ఔట్‌బ్రేక్‌తో ఆట పోతుంది.

హైదరాబాదు బోర్డు మీద లేదు గానీ చెన్నై ఉంది, అక్కడే చూద్దాం. చెన్నైలో నల్ల క్యూబులు 3, కోల్‌కతాలో 3, ఢిల్లీలో 2. చెన్నై కార్డు వచ్చింది. చెన్నై పేలి ముంబై, ఢిల్లీ, బ్యాంకాక్, జకార్తాలకి ఒక్కోటి పోతుంది. కోల్‌కతాలో అప్పటికే మూడున్నాయి కాబట్టి అదీ పేలుతుంది. కోల్‌కతా నుంచి బ్యాంకాక్‌కి, హాంకాంగ్‌కి ఒక్కోటి. ఢిల్లీ ఈలోగా మూడుకి చేరింది కాబట్టి ఇప్పుడు ఢిల్లీ వంతు. అక్కణ్నుంచి టెహ్రాన్, కరాచీ, ముంబైలకి ఒక్కోటి. ఒకసారి పేలిన నగరం అదే గొలుసులో మళ్లీ పేలదు, దానికి క్యూబూ పెట్టరు. లేకపోతే ఈ మూడూ ఒకదాన్నొకటి పేల్చుకుంటూ కూర్చుంటాయి. ఒక్క కార్డుకి మూడు ఔట్‌బ్రేకులు, తొమ్మిది క్యూబులు.

ముందు వంతులో చెన్నైలో ఒక్క క్యూబు తీసి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. కోల్‌కతాలో తీసి ఉంటే ఒక ఔట్‌బ్రేక్‌తో ఆగేది. అందుకే ఒక నగరాన్ని మూడునుంచి సున్నాకి తెచ్చే బదులు, మూడున్న మూడు నగరాల్లో ఒక్కోటి తీయడం మేలు, ముఖ్యంగా అవి పక్కపక్కనే ఉంటే. శాంటియాగో లాంటిదాన్ని ఆఖరున చూసుకోవచ్చు. దానికి లిమా ఒక్కటే పక్క ఊరు. ఆరేసి దారులున్న ఇస్తాంబుల్, హాంకాంగ్‌లని మాత్రం మూడు మీద వదలకండి. కొత్త స్టేషన్లకీ ఆ రెండూ మంచి చోట్లు.

ఏ రంగుదైనా క్యూబు పెట్టాల్సి వచ్చినప్పుడు పక్కన నిల్వ లేకపోయినా ఓడినట్టే. ఆ రంగుకి మందు పడి, బోర్డు మీద ఒక్క క్యూబూ మిగలకపోతే ఇక దాని కార్డులొచ్చినా ఏమీ పెట్టక్కర్లేదు.

కార్డులు కాల్చేయకండి

రంగుకి 12 కార్డులు, మందుకి 5. అంటే ఒక రంగువి 7 పారేయొచ్చు. ఎనిమిదోది పోయిందంటే ఆ రంగుకి ఐదు కుదరవు, జట్టులో సైంటిస్ట్ రోల్ లేకపోతే ఆట అక్కడే పోయినట్టు (సైంటిస్ట్‌కి నాలుగు చాలు). విమానం ఎక్కిన ప్రతిసారీ మందులో ఐదో వంతు ఖర్చవుతోందని గుర్తుంచుకోండి. మందు దొరికిన రంగు కార్డులు మాత్రం ధారాళంగా వాడండి, వాటికి ఇక వేరే పని లేదు.

మొదటి రెండు వంతుల్లోనే ఎవరు ఏ రంగు కూడబెడతారో తేల్చుకోవాలి. నలుగురు ఆడితే ఆట మొత్తంలో ఒక్కొక్కరికి వచ్చేది సుమారు 13 కార్డులు, నాలుగు రంగులూ కలిసి. ఇచ్చిపుచ్చుకోకుండా ఐదు పడటం కష్టం. ఇద్దరైతే దానికి రెట్టింపు వస్తాయి కాబట్టి ఇద్దరాట తేలిక.

మెడిక్ ఒక యాక్షన్‌తో నగరంలో ఒక రంగు మొత్తం తీసేస్తాడు. మందు పడ్డాక ఆ రంగు క్యూబులు ఆయన అడుగుపెడితే చాలు, యాక్షన్ లేకుండానే పోతాయి. మెడిక్‌ని క్యూబుల పనికి వదిలేసి మిగతావాళ్లు కార్డులు చూసుకోవాలి. డిస్పాచర్ తన వంతులో ఎవరి పావునైనా ఇంకో పావున్న నగరానికి ఒక యాక్షన్‌తో చేర్చగలడు. మెడిక్, డిస్పాచర్ కలిసి పడితే అదృష్టమే. క్వారంటైన్ స్పెషలిస్ట్ ఉన్నచోటా, దాని పక్క నగరాల్లోనూ క్యూబులు పడవు. ఆ పావుని ఇస్తాంబుల్ లాంటి కూడలిలో నిలబెట్టండి. ఆపరేషన్స్ ఎక్స్‌పర్ట్ కార్డు లేకుండా స్టేషన్ కడతాడు.

ఈ ఆటకి ఒక తెగులుంది: అనుభవం ఉన్నవాళ్లొకరు అందరి వంతులూ తామే ఆడేస్తారు, మిగతావాళ్లు పావులు జరిపే కూలీలైపోతారు. దీనికి పనిచేసే కట్టుబాటు ఒకటే. వంతు ఎవరిదో వాళ్లే ముందు తమ ఆలోచన చెప్పాలి, ఆ తర్వాతే సలహాలు, ఆఖరి మాట వాళ్లదే. తప్పు ఆడినా సరే.

చివరి వంతులు

కట్టలో పది కార్డులు మిగిలినప్పుడు ఆపి లెక్కపెట్టండి: ఐదు వంతులు, ఇరవై యాక్షన్లు. ఇంకెన్ని మందులు కావాలి, ఎవరి చేతిలో ఎన్ని ఉన్నాయి, స్టేషన్ ఎన్ని అడుగుల దూరం? ఇక్కణ్నుంచి క్యూబులు తీయడం దాదాపు మానేయాలి; ఈ ఐదు వంతుల్లో ఎనిమిదో ఔట్‌బ్రేక్ తెచ్చే నగరం తప్ప మిగతావి ఏమైనా కానీండి. రెండేసి నాల్గేసి అడుగులు మిగుల్చుకోవడానికి దాచిన ఎయిర్‌లిఫ్ట్ ఈవెంట్ (ఎవరి పావునైనా ఎక్కడికైనా, యాక్షన్ ఖర్చు లేకుండా) బయటికి తీయాల్సింది ఇప్పుడే.

కట్ట ఖాళీ అయిందని కార్డులు కింద పడేయకండి. కార్డు తీయలేకపోయినప్పుడే ఓటమి, తీయడం వచ్చేది నాలుగు యాక్షన్ల తర్వాత. కాబట్టి ఇరవై ఐదో వంతులో ఆఖరి రెండు కార్డులూ తీసేశాక కూడా తర్వాతివాళ్లకి నాలుగు యాక్షన్లుంటాయి. నాలుగో మందు అక్కడ పడినా గెలుపే.