అయిదు గంటల కూలివాడు: సండే స్కూల్లో ఒక ఉపమానం చెప్పే తీరు

బెంగళూరు తెలుగు సంఘాల సండే స్కూలు పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. బైబిల్లోని ‘వెళ్లెను, చెప్పెను’ భాష ఇక అసలే ఎక్కదు. అందుకని కథంతా వాడుక మాటల్లో చెప్పేసి, చివర్లో ‘దీని నీతి ఏమిటంటే’ అని ఒక ముక్క తగిలిస్తాం. సరిగ్గా ఆ ముక్క దగ్గరే పిల్లలు చెప్పుల కోసం చూస్తారు.

నీతి చెప్పకుండా కథనే పని చేయనివ్వాలంటే బైబిల్లో మత్తయి 20:1-16, ద్రాక్షతోట కూలీల ఉపమానం, మంచిది. ఒక యజమాని కూలీలను వేర్వేరు వేళల్లో పనికి పిలిచి, చివరికి అందరికీ ఒకే కూలి ఇచ్చే కథ అది; యేసు చెప్పింది. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు చెప్పండి. అంతకన్నా చిన్నవాళ్లకు చాక్లెట్ తప్ప ఏమీ గుర్తుండదు.

అరకిలో శనగలు, అరకిలో పెసలు ఒకే పళ్లెంలో కలిపి పెట్టుకోండి. ఇదే ద్రాక్షతోట, రెండిటినీ ఏరి విడదీయడమే పని. పిల్లల్లోంచి అయిదుగురు కూలీలు, అయిదు చాక్లెట్లు. తోటలో పని పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, అంటే పన్నెండు గంటలు. గంటకు రెండు నిమిషాల లెక్కన మొత్తం ఇరవై నాలుగు నిమిషాలు. మొదటివాణ్ణి మొదట్లోనే కూర్చోబెట్టండి. తొమ్మిది గంటలవాడు 6వ నిమిషంలో, పన్నెండు గంటలవాడు 12లో, మూడు గంటలవాడు 18లో, అయిదు గంటలవాడు 22లో వస్తారు. ఆఖరివాడు ఏరేది రెండే నిమిషాలు. వీళ్లు ఏరుతుంటే మిగతా పిల్లలకు మీరు కథ చెబుతూ ఉంటారు.

బేరం దగ్గర జాగ్రత్త. మొదటివాడితో అందరూ వినేలా ‘ఒక చాక్లెట్, సరేనా?’ అని ఒప్పించండి. కథలో అది ఒక దేనారం, ఆ రోజుల్లో ఒక దినం కూలి. తర్వాతి ముగ్గురికి ‘న్యాయంగా ఎంతైతే అంత ఇస్తాను’ అంటే చాలు. ఆఖరివాడితో కూలి మాటే ఎత్తకండి. ‘ఎందుకు ఊరికే నిలబడ్డావు?’ అని మాత్రం అడగండి. వాడు ‘నన్నెవరూ పనికి పిలవలేదు’ అనాలి. ఈ మాట హడావిడిలో దాటేయకండి. పొద్దున్నే స్కూలు వ్యాన్ కిటికీలోంచి అడ్డా దగ్గర తాపీ, టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డ మనుషుల్ని ఈ పిల్లలు చూసే ఉంటారు. ‘సాయంత్రం అయిదైనా ఎవరూ పిలవకపోతే ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం వండుతారు?’ అని అడిగి కాసేపు ఊరుకోండి.

చాలామంది టీచర్లు తప్పేది కూలి పంచే వరుసలో. ముందు వచ్చినవాడికే ముందు ఇచ్చేస్తారు. అలా ఇస్తే వాడు చాక్లెట్ జేబులో వేసుకుని వెళ్లిపోతాడు, కథ అక్కడితో సరి. యజమాని చెప్పిందేమో ఆఖరివాడి నుంచి మొదలుపెట్టమని. రెండు నిమిషాలవాడికి ఒక చాక్లెట్ దక్కడం చూశాకే ఇరవై నాలుగు నిమిషాలవాడు మనసులో లెక్కలు వేస్తాడు. వాడికీ ఒకటే చేతికొస్తుంది. ‘అన్‌ఫెయిర్ అక్కా!’ అని అరుస్తాడు. అరవనివ్వండి. వాణ్ణి సముదాయించడానికి ఇంకో చాక్లెట్ తీశారో, మొత్తం పోయినట్టే.

అప్పుడు మాత్రం బైబిల్ తెరిచి 15వ వచనం ఉన్నదున్నట్టు చదవండి. ‘నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా’ అనే ఆ ప్రశ్నకు అర్థం చెప్పక్కర్లేదు. మూలభాష గ్రీకులో అక్కడున్నది ‘నీ కన్ను చెడ్డదా’ అన్న మాట. మన అనువాదకులు కడుపుమంట అన్నారు, తెలుగువాడికి అది సూటిగా తగులుతుంది. ఆ వారం కంఠత వాక్యం కూడా అదే పెట్టండి.

తర్వాత రెండే ప్రశ్నలు. మొదటివాడికి మాటిచ్చినదాంట్లో ఏమైనా తగ్గిందా? నువ్వే అయిదు గంటలవాడివైతే ఏమనేవాడివి? పెద్ద పిల్లలుంటే ఒక అధ్యాయం వెనక్కి తిప్పించండి. 19:27లో యేసు శిష్యుడు పేతురు ‘అన్నీ విడిచి వచ్చాం, మాకేం దొరుకుతుంది?’ అని అడుగుతాడు. ఈ కథ ఆ మాటకు జవాబు. కృప, అంటే దేవుడు ఊరికే ఇచ్చేది, కూలి కాదన్న సంగతి వాళ్లే పట్టుకుంటారు. పట్టుకోకపోయినా మీరు అందించకండి, వచ్చే వారం మళ్లీ అడగండి.

ఒక్కదానికి మాత్రం సిద్ధంగా ఉండండి. ఎవడో ఒకడు గోడ మీది హాజరు చార్టు చూపించి ‘మరి రోజూ వచ్చేవాళ్లకే స్టార్లు ఎందుకు?’ అంటాడు. జవాబు లేకపోతే ఆ ఆదివారం ముందే చార్టు తీసి బీరువాలో పెట్టేయండి.