సాంకేతిక కొలువులకు ఎంపిక: ప్రకటన నుంచి మార్కుల దాకా

2023లో నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఐటీ టవర్లు ప్రారంభమైన తరువాత, ప్రోగ్రామర్లను ఎంపిక చేసే బాధ్యత ఈ జిల్లాల్లోని చిన్న సంస్థల వారికీ వచ్చింది. ఆ పని మొదటిసారి చేపట్టేవారు, ఎంపికలో ఆడా మగా అన్న వివక్ష చోటుచేసుకోకుండా, ముందుగా తమ ప్రకటననే అనుమానించడం మంచిది.

ప్రతి అర్హతనూ రాసి, అది లేకపోతే ఏ పని ఆగిపోతుందో పక్కనే రాయండి. కూర్చొని కోడ్ రాసే ఉద్యోగానికి ‘సొంత బైక్ తప్పనిసరి’ అన్న షరతు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దేవరకొండ నుంచి బస్సులో రావాలనుకునే అమ్మాయి మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోతుంది. రాత్రి షిఫ్టు నిజంగా ఉంటే వేళలను, ఇంటి వద్ద దింపే వాహనం సంగతిని దాచకుండా తెలపండి.

దరఖాస్తులను వడపోసే వ్యక్తికి పేరు, ఫొటో, తండ్రి లేదా భర్త పేరు కనిపించకుండా ఒక్కొక్కదానికి సంఖ్య ఇవ్వండి. మహిళా కళాశాల పేరునూ కప్పేయాలి. అమెజాన్ తయారు చేయించిన ఒక ఎంపిక సాఫ్ట్‌వేర్, ఎక్కువగా మగవారే పంపిన పదేళ్ల పాత దరఖాస్తుల నుంచి నేర్చుకొని, ‘మహిళల’ అన్న మాట ఉన్నవాటికి విలువ తగ్గించిందని 2018లో వెల్లడైంది. యంత్రానికి అప్పగిస్తే పక్షపాతం పోతుందనుకోవడం పొరపాటు.

ఇంటర్వ్యూలోనే అసలు చిక్కు ఉంది. ఒకసారి నేను కూర్చున్న బృందంలో, డిగ్రీ తరువాత రెండేళ్లు ఖాళీగా ఉన్న అబ్బాయిని ఎవరూ ఏమీ అడగలేదు, గ్రూప్స్‌కు చదివి ఉంటాడని అందరమూ అనుకున్నాం. అదే రెండేళ్ల ఖాళీ ఉన్న అచ్చంపేట అమ్మాయిని మాత్రం ‘పెళ్లి సంబంధాలు చూస్తున్నారా?’ అని అడిగారు. ఆమె కూడా గ్రూప్స్‌కే చదివింది. అప్పుడు నేను నోరు మెదపలేదు.

అందువల్ల ప్రశ్నలను ముందే రాసుకొని, అందరినీ అవే ప్రశ్నలు అదే వరుసలో అడగండి. ఉదాహరణకు తప్పున్న ఇరవై వరుసల కోడ్ ఇచ్చి, తప్పు పట్టినందుకు నాలుగు, కారణం చెప్పినందుకు మూడు, సరిచేసినందుకు మూడు మార్కులని ముందుగానే నిర్ణయించండి. బృందంలోని ప్రతి ఒక్కరూ తమ మార్కులు వేసి, కాగితం మడిచిన తరువాతే చర్చ మొదలుపెట్టాలి. లేకపోతే పెద్దసారు మొదట అన్న మాటే అందరి మాటా అవుతుంది. పెళ్లి, పిల్లల ప్రశ్నలు ఎవరినీ అడగవద్దు. నియామకంలో లింగ వివక్షను 1976 నాటి సమాన వేతన చట్టమే నిషేధించింది, 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ నిషేధం ఉంది.

జీతాన్ని ఉద్యోగానికే ముడిపెట్టి, మనిషిని చూడకముందే ఖరారు చేయండి.

చివరగా దరఖాస్తు, రాతపరీక్ష, ఇంటర్వ్యూ, నియామకం అన్న నాలుగు దశల్లోనూ స్త్రీలెందరో, పురుషులెందరో ఒక కాగితం మీద వేసుకోండి. స్త్రీల సంఖ్య ఏ దశలో ఒక్కసారిగా పడిపోయిందో, వచ్చేసారి ముందుగా ఆ దశనే సరిచేయాలి.