సౌండ్ కోసం వేసిన క్యామ్ తీసి మార్చేశా

డాలస్‌లో మా గరాజ్‌లో 1970 షెవర్లే షెవెల్ కారు ఉంది, 350 క్యూబిక్ అంగుళాల ఇంజిన్. రీబిల్డ్ చేసేటప్పుడు ఆ గుడగుడ సౌండ్ మోజులో 0.050 అంగుళాల లిఫ్ట్ దగ్గర 244 డిగ్రీల డ్యురేషన్ (వాల్వు తెరిచి ఉండే వ్యవధి) ఉన్న పెద్ద క్యామ్, అంటే ఇంజిన్ వాల్వులు తెరిచే షాఫ్ట్, వేసేశా, సౌండ్ అదిరింది గానీ సిగ్నల్ దగ్గర బండి కదలనంటది, బ్రేక్ పెడల్ చూస్తే రాయే. గేజ్ పెడితే ఐడిల్‌లో ఇంజిన్ వాక్యూమ్ 9 అంగుళాలే (పాదరసం లెక్కన), ఆ వాక్యూమ్‌తోనే పనిచేసే పవర్ బ్రేక్‌కి అది ఏ మూలకి? కంప్రెషన్ రేషియో చూస్తే 8.5 మాత్రమే, ఇంజిన్‌ని ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి కలిపే కన్వర్టర్ కూడా స్టాక్‌దే, వీటికి అంత పెద్ద క్యామ్ వేయడం నా తప్పే. ఇక 214 డిగ్రీలది తెచ్చా, క్యామ్ మీద ఆనే లిఫ్టర్లు కూడా కొత్తవే, పాతవి పెడితే క్యామ్ మీది ఉబ్బులు (లోబులు) అరిగిపోతాయి. అరుగుదల తగ్గించే జింక్ ఉన్న ఆయిల్ పోసి, కొత్త క్యామ్, లిఫ్టర్లు ఒకదానికొకటి సర్దుకోవాలని స్టార్ట్ అవ్వగానే ఐడిల్‌కి దించకుండా 2000 ఆర్పీఎం పైనే 20 నిమిషాలు తిప్పా, పక్కింటాయన తొంగి చూసి వెళ్ళాడు పాపం. ఇప్పుడు వాక్యూమ్ 17, బ్రేక్ మెత్తగా పడుతోంది. సౌండ్ తగ్గిందని మా అబ్బాయే అలిగాడు.