సంఘం ఆఫీసు కడుతున్నారా? ముందు పడమటి ఎండ సంగతి చూడండి

మా కిరాణా వర్తకుల సంఘం ముప్పై ఏళ్లు అద్దె గదిలోనే నడిచింది. చివరికి స్థలం కొన్నాక, కోశాధికారిని కాబట్టి కట్టించే బాధ్యత నా మీద పడింది. మాది ప్రొద్దుటూరు దగ్గరి ఊరు. మే నెల మధ్యాహ్నం 42, 43 డిగ్రీలు మాకు మామూలే. పర్యావరణానికి మేలు చేసేలా కడదామని జనరల్ బాడీలో అంటే లేచిన ప్రతివాళ్లూ సోలార్ గురించే మాట్లాడారు. సోలార్ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. గోడ ఏ దిక్కుకు కట్టామన్నది మాత్రం తర్వాత మార్చలేం.

అందుకే ప్లాన్ గీయించకముందే ఎండాకాలంలో ఒక రోజంతా స్థలంలో గడపండి. ఏ గంటకు ఎటు ఎండ కొడుతుందో సున్నం చల్లి గుర్తులు పెట్టండి. మేం అలా చూశాకే మీటింగ్ హాలును ఉత్తరానికి జరిపి, మెట్లు, బాత్రూములు, స్టోర్ రూమ్ పడమటికి పెట్టించాం. సాయంత్రం ఎండ వాటి మీద పడుతుంది, హాలుకు తగలదు. దక్షిణపు కిటికీకి రెండడుగుల సజ్జా చాలు, అటు సూర్యుడు ఎత్తులో ఉంటాడు. పడమట ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుంది కాబట్టి సజ్జా ఆపలేదు. అటు కానుగ, వేప నాటండి. పునాది తవ్విన రోజే నాటితే బిల్డింగ్‌తో పాటు పెరుగుతాయి.

గోడలకు ఫ్లై యాష్ ఇటుకలు, అంటే థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదతో చేసేవి తీసుకున్నాం. మాకు ముద్దనూరు థర్మల్ కేంద్రం దగ్గర కాబట్టి బూడిదకు కొరత లేదు. పొలాల పైమట్టి తవ్వక్కర్లేదు, బట్టీ కాల్చక్కర్లేదు. అయితే లోడు దించుకునే ముందు పరీక్ష చేయండి. రెండు ఇటుకలు ఒకదానికొకటి తట్టితే ఖంగుమనాలి. మేకుతో గీస్తే లోతుగా గీత పడకూడదు. ఒక ఇటుకను మా అంగడి కాటా మీద తూచాను, 3 కిలోల 100 గ్రాములు. ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచితే 3 కిలోల 500. అంటే 13 శాతం నీళ్లు పీల్చింది. 20 శాతం దాటితే ఆ లోడు వెనక్కి పంపండి.

ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, గోడ మధ్యలో ఖాళీ వదిలే పద్ధతి ఉంది. ర్యాట్ ట్రాప్ అంటారు. కేరళలో తక్కువ ఖర్చు ఇళ్లకు పేరుపడ్డ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఇటుకలు సుమారు పావు వంతు తగ్గుతాయి, లోపలి గాలి వేడిని అడ్డుకుంటుంది. మా మేస్త్రీ మొదట ఒప్పుకోలేదు. "సార్, బోలుగోడ నిలుస్తుందా?" అన్నాడు. వాదన పెట్టుకోకుండా నాలుగడుగుల గోడ విడిగా కట్టించాం. దాన్ని చేత్తో తోసి చూసుకున్నాక అతనే మిగతా మేస్త్రీలకు నేర్పాడు. మీరూ ఆ నమూనా గోడకయ్యే ఖర్చుకు వెనకాడొద్దు. పునాదికీ నేలకూ మా చుట్టుపక్కల నాపరాయే వాడాం, టైల్స్ జోలికి పోలేదు.

మా తాతల చౌడు మిద్దెలు, అంటే కప్పు మీద చౌడు మట్టి పరిచిన ఇళ్లు, ఎండాకాలంలో ఎంత చల్లగా ఉండేవో మా వయసు వాళ్లకు తెలుసు. ఇప్పుడు అందరిదీ ఆర్‌సీసీ స్లాబే. దాని మీద కనీసం తెల్లటి చలువ సున్నం వేయించండి. దుమ్ము పడితే పనిచేయదు కాబట్టి ఏటా శివరాత్రికి కడిగి మళ్లీ పూయాలి. ఆ ఖర్చు బడ్జెట్‌లో ముందే రాసుకోండి.

నీళ్ల విషయంలో నేను పొరపాటు చేశాను. 100 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడితే 60,000 లీటర్లు. ఆ లెక్క చూసిన సంబరంలో పైపును నేరుగా సంపులోకి కలిపించేశాను. మొదటి వానకే పావురాల రెట్ట, దుమ్ము అన్నీ సంపులోకి దిగాయి. రెండు రోజులు తోడించి కడిగించాల్సి వచ్చింది. మొదటి వాన నీటిని పక్కకు మళ్లించే పైపు, మూత పెట్టించి, ఆ తర్వాతి నీళ్లు మాత్రం గులకరాళ్లు, ఇసుక, బొగ్గు పొరల గుండా సంపులోకి వెళ్లేలా చేయండి. సంపు నిండాక పొంగేది ఇంకుడు గుంతకు.

వీలైతే హైదరాబాద్‌లో సీఐఐ (భారత పరిశ్రమల సమాఖ్య) వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్ చూసి రండి. అదీ పరిశ్రమల సంఘం కట్టుకున్నదే. 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించారు. పర్యావరణానికి మేలు చేసే కట్టడాలకు ఇచ్చే లీడ్ (LEED) రేటింగ్‌లో అన్నిటికన్నా పైదైన ప్లాటినం, అమెరికా బయట మొదట దానికే వచ్చింది. గాలిని చల్లబరిచి లోపలికి పంపే అక్కడి గాలి గోపురాలు మన బడ్జెట్‌కు అందవు గానీ, నడిమి ఆవరణ, వాడిన నీళ్లను మొక్కల వేళ్లతో శుద్ధి చేయడం మనమూ చేయొచ్చు. మా హాలు పక్కన ఎనిమిదడుగుల ఆవరణ వదిలాం. చేతులు కడిగిన నీళ్లు మెట్టతామర మడిలోకి పోతాయి.

ఇక కరెంటు. 75 వాట్ల పాత ఫ్యాన్లకు బదులు తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారు) ఫ్యాన్లు పెట్టాక లెక్క వేస్తే 3 కిలోవాట్ల సోలార్ మాకు సరిపోయింది. కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. సోలార్‌కు కేంద్రం ఇళ్లకిచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ సంఘం ఆఫీసుకు రాదు, దాన్ని నమ్ముకుని అంచనా వేయకండి.

మిగిలిన నాపరాళ్లతో బయట కానుగ నీడలో అరుగు కట్టించండి, నీళ్ల కుండ పెట్టండి. పక్కనే నాలుగడుగుల దిమ్మె కూడా ఉంటే, మా బజారులో మూటలు మోసే హమాలీలు ఒకరి సాయం లేకుండా బరువు దించుకుని, నీళ్లు తాగి, మళ్లీ ఎత్తుకుని పోతారు.