బ్యారన్ పొయ్యిలో బ్రికెట్లు వేసే ముందు

సంక్రాంతి దాటితే కొండపి, టంగుటూరు, పొదిలి వైపు పొగాకు బ్యారన్లు, అంటే పచ్చాకును వేడితో ఆరబెట్టే గదులు, వరసగా వెలుగుతాయి. సరుగుడు, జామాయిల్ కట్టెకు బదులు రంపపు పొట్టు, వేరుశనగ పొట్టు అదిమి చేసిన బ్రికెట్లు వాడే రైతులూ ఉన్నారు. సరుకు మంచిదే. కానీ కట్టెల లెక్కన వాటిని పొయ్యిలో కూరితే మొత్తం బ్యారనే పోతుంది.

వేడి ఎక్కువైతే కట్టెను బయటికి లాగెయ్యొచ్చు. బ్రికెట్ అలా కాదు. అంటుకున్నాక ఉబ్బి, పొడిపొడిగా విడిపోతుంది, లాగడానికి చేతికి ఏమీ దొరకదు. కెలికితే ఆ పొడికి గాలి తగిలి మంట ఇంకా లేస్తుంది. పైగా పచ్చిగా ఉన్న కట్టెలో కొంత వేడి నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. బ్రికెట్‌లో తేమ సాధారణంగా 10 శాతం లోపే, కాబట్టి అదే బరువుకు వేడి బాగా ఎక్కువ. జాగ్రత్తంతా వేసేటప్పుడే పడాలి. పొయ్యి సగానికి మించి నింపొద్దు. ఒకదానికొకటి ఆనించి పేరిస్తే నిదానంగా కాలతాయి, సందులు వదిలితే ఒక్కసారిగా భగ్గుమంటాయి. వేయగానే థర్మామీటర్ కదలదు. కదల్లేదని ఇంకో నాలుగు పడేస్తే కాసేపటికి అన్నీ కలిసి అంటుకుంటాయి. ఓపిక పట్టండి.

ఆకు పసుపు తిరిగే రోజుల్లో 90 నుంచి 100 డిగ్రీల ఫారన్‌హీట్ చాలు. అంత సన్న మంటకు నా ఓటు కట్టెకే. ఆకు ఆరే దశలో బ్రికెట్లు మొదలుపెట్టి, గంటకు రెండు డిగ్రీలకు మించకుండా పెంచుకుంటూ వెళ్లండి. చివర్లో ఆకు నడిమి ఈనె ఆరేటప్పుడు 160 దాటనివ్వొద్దు. దాటితే ఆకు ఎర్రబడి రేటు పడిపోతుంది, నిప్పు భయమూ అప్పుడే ఎక్కువ. గలగలలాడే ఆకు ఒక్కటి ఊడి, పొయ్యి వేడిని బ్యారన్ లోపల తిప్పే కాలిన గొట్టం మీద పడితే చాలు. అందుకే గొట్టాల పైన ఇనుప జాలీ వేయించండి, ఆకు అల్లేటప్పుడు తాడు వదులుగా ఉండకుండా చూడండి.

మొదటి రెలుపుకు, అంటే మొదటి ఆకు కోతకు, ముందే గొట్టాలు పరీక్షించాలి. పొయ్యిలో కాస్త పచ్చి ఆకు వేసి పొగబెట్టి, కిటికీ అద్దంలోంచి చూడండి. అతుకుల దగ్గర పొగ కారితే రేపు అక్కడే నిప్పురవ్వ దూకుతుంది. పొయ్యికి ఆనుకుని ఉన్న మొదటి గొట్టాన్ని అన్నిటికంటే ముందు తుప్పు తినేస్తుంది. దాన్ని అతుకులేసి నెట్టుకురావద్దు, మార్చేయండి. పొగగొట్టంలో మసి కూడా దులిపించండి.

బ్రికెట్‌కు నీళ్లు తగిలితే పొట్టు పొట్టుగా విచ్చిపోతుంది, మళ్లీ ఎండబెట్టినా లాభం లేదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంటే మన దగ్గర డిసెంబరులో కూడా వాన రాదని గ్యారంటీగా చెప్పలేం. చెక్కల మీద ఎత్తుగా పేర్చి, పైన పట్టా కప్పండి. ఆ కుప్ప పొయ్యికీ, ఆరిన ఆకు పేర్చిన మండెలకూ దూరంగా ఉండాలి.

మంట వేసే మనిషికి కిరోసిన్, డీజిల్ అందుబాటులో ఉంచొద్దు. నిప్పుల మీద పోస్తే మంట ముఖానికి కొడుతుంది. పాత టైర్లు, ప్లాస్టిక్, రంగులేసిన చెక్క వద్దు, గొట్టం కారితే ఆ వాసన ఆకుకు పడుతుంది. బూడిదలో నిప్పు మర్నాటికీ ఉంటుంది. గుంటలో పోసి నీళ్లు చల్లించండి. రాత్రి కాపలాకు ఇద్దరుండాలి, చలేసిందని తలుపులేసిన గదిలో నిప్పుల కుంపటి పెట్టుకుని పడుకోనివ్వొద్దు. ఆ గాలి నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

లోపల అంటుకుందని తెలిస్తే ఆకు కోసం తలుపు తీయొద్దు, గాలి దూరితే క్షణాల్లో పైకప్పు దాకా వెళ్తుంది. వెంటిలేటర్లు మూసేసి, మనుషులను దూరం జరిపి, 101కి ఫోన్ చేయండి. ఆ నంబరుతో పాటు బ్యారన్‌కు దారి చెప్పే గుర్తులు కూడా గోడ మీద రాయించి ఉంచండి, ఫైరింజన్‌కు పొలం దారి తెలియదు.